రంగం పెట్టె

మా యింట్లో ఒక టేకు పెట్టె ఉంది. మూడడుగుల పొడుగు, ఇత్తడి బందులు, ఎప్పుడో పోయిన తాళం. ఇప్పుడందులో చలికాలపు దుప్పట్లూ, నా పాత నోట్సులూ, పారెయ్యడానికి మా ఆవిడకు మనసొప్పని వస్తువులూ ఉంటాయి. మూత ఎత్తితే ఇప్పటికీ ఒక రకమైన వాసన వేస్తుంది. దాన్ని మా యింటిల్లిపాదీ "రంగం పెట్టె" అంటాం.

రంగం అంటే నిఘంటువులో నాటకశాల అనీ, యుద్ధభూమి అనీ అర్థాలుంటాయి. తెలుగు పాఠాలు చెప్పుకుని బతికేవాణ్ణి గనుక ఆ అర్థాలు నాకూ తెలుసును. కాని మా పరవాడ వైపు పాతకాలపు మనుషులకు రంగం అంటే ఒక్కటే, రంగూను. ఫలానావాడు రంగం వెళ్ళాడంటే నాటకాల్లో చేరాడని కాదు, ఓడెక్కి బంగాళాఖాతం దాటి కూలికి పోయాడని. ఒకసారి క్లాసులో ఈ సంగతి చెబితే వెనక బెంచీ కుర్రాడొకడు లేచి, "అయితే సార్, ఇప్పుడు మనవాళ్ళు అమెరికా వెళ్ళినట్టన్నమాట!" అన్నాడు. క్లాసంతా నవ్వింది, నేనూ నవ్వాను. ఇంటికొచ్చాక ఆలోచిస్తే, వాడన్నది అంత నవ్వాల్సిన మాట కాదేమో అనిపించింది.

మా అమ్మమ్మ తండ్రి రంగం వెళ్ళినప్పటికి విశాఖపట్నానికి ఇప్పటి రేవు లేదు. అది 1933లో తెరిచారు. అంతకు ముందు ఓడ దూరంగా సముద్రంలోనే లంగరు వేసుకుని ఉండేది. కెరటాల మీద పడవల్లో మనుషుల్ని మూటలతో సహా తీసుకుపోయి ఎక్కించేవారు. ఇక్కణ్ణించే కాదు, కాకినాడ నుంచి, భీమిలి నుంచి, కళింగపట్నం నుంచి, గోపాలపురం నుంచి కూడా జనం అలాగే వెళ్ళారు. చేతికి కాస్త బయానా ఇచ్చి ఊళ్ళలోంచి మనుషుల్ని కట్టి పంపేవాణ్ణి మేస్త్రీ అనేవారు. అక్కడ కూలి ఇప్పించేదీ వాడే, అందులో తన వాటా కోసుకునేదీ వాడే. రేవులో ఓడ సరుకు ఎత్తడం, దించడం, బియ్యపు మిల్లుల్లో బస్తాలు మొయ్యడం, రిక్షా లాగడం, ఆఖరికి ఆ నగరంలో పాయిఖానాలు ఎత్తడం, ఇవన్నీ మనవాళ్ళ పనులు. 1931 జనాభా లెక్కల్లో రంగూను నగరంలో సగానికి పైగా భారతీయులే. బర్మావాళ్ళు మూడోవంతు. అంటే, తమ రాజధానిలో తామే తక్కువ. ఈ మాట కాస్త గుర్తుంచుకోండి. మా యింటి కథలో ఇది ఉండేది కాదు.

మా యింటి కథ ఎలా ఉండేదో చెబుతాను. మా అమ్మమ్మ 1926లో రంగంలోనే పుట్టింది. అల్లరి జరిగేనాటికి నాలుగేళ్ళ పిల్ల. తనకు నిజంగా ఎంత గుర్తో, పెద్దవాళ్ళు చెప్పగా గుర్తనుకున్నది ఎంతో ఆవిడకే తెలియదు. వేసవి సెలవుల్లో పెరట్లో మంచాలు వేసుకుని పడుకున్నప్పుడు మేం అడిగి మరీ చెప్పించుకునేవాళ్ళం. ఒకరోజు పొద్దున్నే బర్మావాళ్ళు కత్తులు పట్టుకుని వీధుల్లోకి వచ్చారు. కనిపించిన తెలుగువాణ్ణల్లా నరికారు. మా ముత్తాత గదికి అడ్డగడియ వేసి, దాని వెనక బియ్యం బస్తాలు పేర్చాడు. పిల్ల ఏడవకుండా నోట్లో గుడ్డ కుక్కారు. మూడోనాడో నాలుగోనాడో పోలీసులొచ్చి పాత పిచ్చాసుపత్రి ఆవరణలోకి తోలుకుపోయారు. అక్కడ వేలమంది మనవాళ్ళు. "పిచ్చోల్ల ఇంట్లో తలదాసుకున్నాం రా నాయనా, బయటోల్లకి పిచ్చెక్కితే" అనేది అమ్మమ్మ. ఆ ఏడాది ఆఖరికి వాళ్ళు ఓడెక్కి తిరిగొచ్చేశారు. వస్తూ తెచ్చుకున్నది ఈ పెట్టె.

కథ అక్కడితో అయిపోయేది. బర్మావాళ్ళు దుర్మార్గులు అని తేల్చుకుని మేం నిద్రపోయేవాళ్ళం.

అదలా ఉంచి, 2020 జూన్ సంగతి చెప్పాలి. మా అక్క కొడుకు షికాగో దగ్గర ఉంటున్నాడు. కంప్యూటర్ ఉద్యోగం, సొంత ఇల్లు, ఇద్దరు పిల్లలు. అప్పటికి పదిరోజుల ముందు, మే 25న, మినియాపొలిస్ నగరంలో జార్జి ఫ్లాయిడ్ అనే నల్లజాతి మనిషి మెడమీద ఒక తెల్ల పోలీసు తొమ్మిది నిమిషాల పాటు మోకాలు పెట్టి నొక్కితే ఆ మనిషి ప్రాణం పోయింది. ఎవరో అమ్మాయి ఫోనులో తీసిన ఆ బొమ్మ ప్రపంచమంతా చూసింది. అమెరికా నగరాలన్నిటా జనం రోడ్లమీదికి వచ్చారు. కొన్నిచోట్ల దుకాణాలు తగలబడ్డాయి.

మావాడు ఫోన్ చేసి, "మావయ్యా, ఇక్కడ అల్లర్లు. షాపులు దోచేస్తున్నారు. వాళ్ళంతే, పని చెయ్యరు, దోచుకుంటారు. మనవాళ్ళు చూడు, కష్టపడి పైకొచ్చాం. మనకెందుకీ గొడవ?" అన్నాడు.

నాకు మేష్టారి జబ్బు ఉంది. ఎవరైనా ఒక మాట అంటే అవతల యాభై నిమిషాల పిరియడు ఉందనుకుంటాను. "ఒరే, నువ్వు ఆ దేశం ఎలా వెళ్ళావో తెలుసా?" అని మొదలుపెట్టాను. 1923లో భగత్‌సింగ్ థిండ్ అనే పంజాబీ ఆయన దావాలో, భారతీయులు తెల్లవాళ్ళు కారు గనుక పౌరసత్వం లేదని అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఇచ్చిన పౌరసత్వాలు కూడా కొందరి దగ్గర్నుంచి వెనక్కి లాక్కున్నారు. 1946లో ఆ అడ్డు తొలగినా, మన దేశానికి ఏడాదికి నూరుమందే అని హద్దు పెట్టారు. ఆ తలుపు బార్లా తెరుచుకున్నది 1965లో. అది ఊరికే తెరుచుకోలేదు. ఆ ఏడాదే ఆగస్టు 6న నల్లవాళ్ళ ఓటు హక్కుకు కాపలాగా చట్టం వచ్చింది. వాళ్ళు దెబ్బలు తిని, జైళ్ళు నింపి తెచ్చుకున్న గాలి అది. మనిషిని పుట్టిన దేశాన్ని బట్టి కొలవడం తప్పు అని చట్టసభ ఒప్పుకునేలా చేసిన ఆ గాలిలోనే, అక్టోబరులో వలస చట్టమూ మారింది. "నీ వీసాకు రోడ్డు వేసినవాళ్ళెవరో చూసుకో" అన్నాను.

"మరి చట్టం వచ్చాక కూడా అల్లర్లెందుకు?" అన్నాడు.

మంచి ప్రశ్నే. ఆ చట్టం మీద సంతకం పెట్టిన అయిదో రోజునే లాస్ ఏంజెలిస్‌లో వాట్స్ అనే పేట అంటుకుంది. 34 మంది చనిపోయారు. 1967లో డెట్రాయిట్‌లో 43 మంది. ప్రెసిడెంటు జాన్సన్ కారణాలు కనుక్కోమని ఒక సంఘం వేశాడు. దానికి ఇల్లినాయిస్ గవర్నరు కెర్నర్ అధ్యక్షుడు. అల్లరి వెనక ఏదో కుట్ర ఉందని తేలుతుందని చాలామంది ఆశించారు. తీరా 1968లో నివేదిక వస్తే, కుట్రా లేదు, కూహకమూ లేదు, మూలం తెల్లవాళ్ళ జాతి దురహంకారమే, ఇళ్ళలో, ఉద్యోగాల్లో, బళ్ళలో, పోలీసు ఠాణాలో అది పేరుకుపోయింది అని రాసి ఉంది. జాన్సన్‌గారికి ఆ నివేదిక రుచించలేదు. తాను అంత చేస్తే ఇదా ప్రతిఫలం అని కాబోలు. ఓటు కాగితం మీద ఉంది, రేపటి కూలి, అద్దె ఇల్లు కాగితం మీద లేవు. చట్టం వచ్చిన మర్నాడు పోలీసు మారిపోడు కదా.

మావాడు కాసేపు మాట్లాడలేదు. 2017లో కాన్సాస్‌లో ఒక తెలుగు ఇంజనీరును, మా దేశం వదిలి పొమ్మని అరుస్తూ ఒక తెల్లవాడు కాల్చి చంపినప్పుడు, వాడు నెలరోజులు బజార్లో తెలుగు మాట్లాడలేదని మా అక్క చెప్పింది. ఆ సంగతి నేనెత్తలేదు. వాడికే గుర్తొచ్చి ఉంటుంది.

నేను ఊరుకోక ఇంకో కథ కూడా చెప్పాను. 1917లో ఈస్ట్ సెయింట్ లూయిస్ అనే ఊళ్ళో అల్యూమినియం కర్మాగారంలో తెల్ల కూలీలు సమ్మె కట్టారు. కంపెనీవారు నల్లవాళ్ళను పన్లో పెట్టుకున్నారు. సమ్మె విరిగింది. జులై నెలలో తెల్ల కూలీలు నల్లపేట మీద పడ్డారు. ఇళ్ళకు నిప్పంటించి, బయటికొచ్చినవాళ్ళను చంపారు. ప్రభుత్వ లెక్కల్లోనే 39 మంది నల్లవాళ్ళు. కర్మాగారం యజమానుల మీద మాత్రం ఒక్క రాయి పడలేదు. "మన రంగంలోనూ అచ్చం ఇదేరా" అని చెప్పుకుపోతున్నాను.

అప్పుడు మావాడు అడిగాడు. "మావయ్యా, మరి రంగంలో మనవాళ్ళు ఏమీ చెయ్యకుండానే బర్మావాళ్ళు కత్తులు పట్టారా?"

యాభై నిమిషాల పిరియడు అక్కడ ఆగిపోయింది.

ఎందుకంటే, నాకు తెలుసు. చాలా ఏళ్ళ క్రితం విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో మరేదో వెతుకుతుంటే, మారిస్ కోలిస్ అనే ఇంగ్లీషాయన పుస్తకం చేతికి తగిలింది. ఆయన 1930లో రంగూను జిల్లా మేజిస్ట్రేటు. ఆ రోజులు కళ్ళారా చూసినవాడు. 1938లో అచ్చయిన ఆ పుస్తకం నిలబడి చదివి, తర్వాత కూర్చుని చదివాను.

జరిగింది ఇది. 1930 మే నెల మొదట్లో రంగూను రేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె కట్టారు. ఓడ సరుకు కంట్రాక్టర్లు బర్మావాళ్ళను తెచ్చి పన్లో పెట్టారు. అంతవరకూ ఆ రేవులో బర్మావాడికి చోటే లేదు. తెలుగు మేస్త్రీ తెలుగువాణ్ణే తెచ్చుకునేవాడు. ఆ ఏడాది వరి ధర పడిపోయి పల్లెల్లో బర్మా రైతుల భూములు వడ్డీవ్యాపారుల పాలవుతున్నాయి. మే 5న పెగూలో పెద్ద భూకంపం వచ్చి వందలమంది పోయారు. అటువంటప్పుడు నగరంలో పని దొరకడమంటే మాటలా? రెండు మూడు వారాలు చేశారు. ఈలోగా కంట్రాక్టర్లు తెలుగు కూలీలతో రాజీ కుదుర్చుకున్నారు. మే 26 పొద్దున్న బర్మావాళ్ళు మామూలుగా పనికి వస్తే, ఇంక మీరు అక్కర్లేదు పొమ్మన్నారు. కంట్రాక్టర్ల తగువు అలా తీరింది. ముందురోజు వచ్చి ఒక మాట చెప్పాలని కూడా ఎవరికీ తోచలేదు. వాళ్ళు వెనక్కి తిరిగి వెళుతుంటే, పనికి వచ్చిన తెలుగు కూలీలు చూసి ఎగతాళిగా నవ్వారు. ఆ నవ్వు దగ్గర మొదటి దెబ్బ పడింది. తర్వాత నాలుగు రోజులు. ప్రభుత్వ లెక్క 120 మంది మరణించారనీ, 900 మంది గాయపడ్డారనీ. పోయినవాళ్ళలో ఎక్కువమంది మనవాళ్ళే. అసలు లెక్క ఇంకా పెద్దదని అప్పుడే అనుకున్నారు. కూలీలు గదుల్లో దాక్కున్న ఆ రోజుల్లో రంగూనులో ఓడలు కదల్లేదు, పాకీపని సాగలేదు, వీధులు కంపుకొట్టిపోయాయి. నగరం ఎవరి భుజాల మీద నిలబడిందో దొరలకు అప్పుడు తెలిసింది.

ఆ పుస్తకంలో నవ్వు అన్నచోట నాకు చెయ్యి ఆగిపోయింది. ఎందుకంటే ఆ నవ్వు నేను విన్నాను. మా అమ్మమ్మ చివరి రోజుల్లో, 2003లో, మంచం పట్టాక, ఒకనాడు తనంతట తానే చెప్పింది. అప్పుడు దాన్ని నేను ముసలితనపు పలవరింత కింద జమకట్టాను.

"మాయమ్మ సద్దన్నం గిన్నెట్టుకోని రేవుకాడికెల్లింది. బరమోల్లు మూటలు సంకనెట్టుకోని ఎనక్కి తిరిగొచ్చెత్తన్నారు. ఓలమ్మ, మనోల్లు ఒకటే నవ్వు. 'ఎల్లండెల్లండి, మీ యాడోల్లు సుట్టలు సుట్టి తెత్తారు, తిని కూకోండి' అని మాయమ్మే అందట. అక్కడికి అదో పెద్ద గొప్ప. ఆ మాట మా అయ్య బతికున్నన్నాల్లూ ఆవెను దెప్పేవోడు."

బర్మావాళ్ళకు తెలుగు రాదు. కాని నవ్వుకు తర్జుమా అక్కర్లేదు. మా ముత్తవ్వ మరీ పొగరుబోతు మనిషేం కాదు. రేవులో మొగుడు బస్తాలు మోస్తే, తాను గదులు తుడిచి పూట గడుపుకునే మనిషి. ఆ నగరంలో అందరికంటే కింది మెట్టు మనవాళ్ళది. ఆ పొద్దున ఒక్కపూట, తమ కింద ఇంకొక మెట్టు ఉన్నట్టు కనిపించింది. అంతే. ఆ నవ్వుకు ఆవిడ నాలుగేళ్ళ కూతురు నోట్లో గుడ్డ కుక్కుకోవాల్సి వచ్చింది. ఇంత శిక్ష పడే తప్పు అది కాదు, నూటికి నూరుపాళ్ళూ కాదు. అయినా మా యింటి కథలోంచి దాన్ని ఎవరో పనిగట్టుకుని తీసేశారు. కథ కత్తుల దగ్గర మొదలుపెట్టారు.

బర్మావాళ్ళు మాత్రం కథను అక్కడ ఆపలేదు. ఆ అల్లర్ల వెంటనే రంగూను యువకులు దొబామా అనే సంఘం పెట్టుకున్నారు. ఇంగ్లీషు దొరలను పిలవాల్సిన 'తఖిన్' అనే మాటను, అంటే యజమాని అన్నమాట, తమ పేర్లకే తగిలించుకున్నారు. ఈ దేశానికి యజమానులం మేమే అని. 1937లో బర్మాను భారతదేశం నుంచి వేరుచేశారు. 1941 డిసెంబరులో జపాను బాంబులు పడ్డాక లక్షలమంది మనవాళ్ళు అడవుల వెంట, కొండల వెంట కాలినడకన బయల్దేరారు. దార్లో పోయినవారు వేలకొద్దీ. 1962లో సైన్యం రాజ్యం తీసుకుని, తర్వాత దుకాణాలూ వ్యాపారాలూ జాతీయం చేసినప్పుడు మిగిలినవాళ్ళూ వచ్చేశారు. విశాఖలో కంచరపాలెం వైపు బర్మా క్యాంపు అని ఇప్పటికీ పిలుస్తున్నది వాళ్ళ పేటే. స్వేచ్ఛ కోరిన తఖిన్లలో కొందరు గొప్పవాళ్ళున్నారు. కాని పరాయివాడు ఎవడన్న ప్రశ్నకు ఆ దేశం తర్వాత చెప్పుకుంటూ వచ్చిన జవాబు తలుచుకుంటే భయం వేస్తుంది. 1982 పౌరసత్వ చట్టంలో, తమ పూర్వులు 1823కు ముందే అక్కడ స్థిరపడ్డారని చూపలేనివాడికి పూర్తి పౌరసత్వం లేకుండా చేశారు.

ఇదంతా ఫోనులో మావాడికి చెప్పలేదు. "చేశారురా. నవ్వారు" అని మాత్రం అన్నాను. వాడికి అర్థం కాలేదు. "రేపు చేస్తాను మావయ్యా, పిల్లలు లేచారు" అని పెట్టేశాడు.

నాకు నోరు పెగలకపోవడానికి ఇంకో కారణం ఉంది. అది చెప్పడానికే ఇంతసేపూ తటపటాయిస్తున్నాను.

మా పరవాడ ఇప్పుడు పాత పరవాడ కాదు. థర్మల్ స్టేషను వచ్చింది, ఫార్మా సిటీ వచ్చింది. మందుల కంపెనీలు, పొగగొట్టాలు, రాత్రిళ్ళు గాలిలో ఘాటు. భూములిచ్చిన ఇళ్ళ కుర్రాళ్ళు గేటు దగ్గర నిలబడితే, కంట్రాక్టరు ఒరిస్సా నుంచీ బీహారు నుంచీ బెంగాలు నుంచీ మనుషుల్ని దింపుతాడు. వాళ్ళు తక్కువకు వస్తారు, ఎక్కువ గంటలు చేస్తారు, యూనియను అనరు. టీ బడ్డీ దగ్గర మా కుర్రాళ్ళ కోపం నేను రోజూ వింటాను. అది ఉత్త కోపం కాదు. నా దగ్గర డిగ్రీ చదివి ఖాళీగా ఉన్నవాళ్ళే వాళ్ళు. కాని ఆ కోపం కంట్రాక్టరు కారు వెనకపడదు. సైకిలు మీద డ్యూటీకి వెళ్ళే ఒరియా కుర్రాడి వెనక పడుతుంది. రంగం మా ఊరికే నడిచొచ్చింది. ఈసారి బర్మావాళ్ళం మేమే.

మా పెరట్లో రెండు రేకుల గదులున్నాయి. ఒకదాంట్లో గంజాం జిల్లా కుర్రాళ్ళు ముగ్గురు అద్దెకుండేవారు. నెమ్మదైనవాళ్ళు. మా ఆవిణ్ణి 'మా' అనేవారు. 2020 మార్చి 25 నుంచి లాక్‌డౌన్ పెట్టారు. రైళ్ళు లేవు, బస్సులు లేవు, కంట్రాక్టరు ఫోన్ ఎత్తలేదు. మూడోనాడు వీధిలో నలుగురు పెద్దమనుషులు వచ్చి, "సార్, మీరు చదువుకున్నవారు. ఎక్కడెక్కడో తిరిగొచ్చినవాళ్ళు. రోగం వస్తే వీధంతా పోతుంది" అన్నారు. వాళ్ళతో వాదించవచ్చు. నేను తెలుగు మేష్టర్ని, వాదించడం చేతకానివాణ్ణి కాదు. కాని నాకూ భయంగానే ఉంది. సాయంత్రం పెరట్లోకి వెళ్ళి, "కొన్నాళ్ళు ఊరెళ్ళి రండి నాయనా, అన్నీ సర్దుకున్నాక వద్దురుగాని" అన్నాను. ఎలా వెళతారని నేనడగలేదు. ఎలా వెళ్ళమంటారని వాళ్ళూ అడగలేదు. అయిదువందల రూపాయలూ, రెండు బిస్కట్టు పొట్లాలూ ఇచ్చాను. ఇచ్చినప్పుడు నేను మంచివాణ్ణనే అనుకున్నానని ఒప్పుకోవాలి.

తెల్లవారకముందే లంకెలపాలెం దాకా నడిచి పెద్దరోడ్డు ఎక్కారు. మా ఆవిడ నాతో రెండు రోజులు మాట్లాడలేదు. జూన్‌లో నేను ఫోనులో మా మేనల్లుడికి కెర్నర్ నివేదిక బోధిస్తున్నప్పుడు, కిటికీలోంచి ఆ గది కనిపిస్తూనే ఉంది. తలుపుకు నా తాళం.

మర్నాడు మావాడు మళ్ళీ చేశాడు. అప్పుడు ఈ సంగతి చెప్పాను. చాలాసేపు ఊరుకుని, "వాళ్ళ నంబరుందా మావయ్యా?" అన్నాడు. ఉంది. ఆరోజూ, తర్వాతా ఎన్నిసార్లు చేసినా మోగలేదు.

2021 సంక్రాంతి వెళ్ళాక ఒక ఆదివారం గేటు చప్పుడైంది. ముగ్గురిలో చిన్నవాడు. చిక్కిపోయాడు. ఇచ్ఛాపురం దాకా చాలామటుకు నడిచే వెళ్ళారట, మధ్యలో ఒక లారీవాడు కొంతదూరం ఎక్కించుకున్నాడట. నడకలో ఫోను పోయిందట. ఇవన్నీ నేనడిగితేనే చెప్పాడు. మిగతా ఇద్దరూ సూరత్ వెళ్ళిపోయారు. మా ఆవిడ లోపలికి పిలిచి కూర్చోమంది. వాడు రంగం పెట్టె మీద ఒక అంచున కూర్చున్నాడు. మా యింట్లో కుర్చీలు తక్కువేం కాదు, ఎందుకో అక్కడే కూర్చున్నాడు. గదిలో వదిలిన దుప్పటీ, గిన్నెలూ తీసుకుపోదామని వచ్చానన్నాడు.

నేను మాటలు వెతుక్కుంటున్నాను. ఈలోగా వాడు జేబులోంచి మడతపెట్టిన నోట్లు తీసి బల్లమీద పెట్టాడు.

"మార్చి నెల అద్దె ఉండిపోయింది సార్" అన్నాడు.